మైకు కట్టేసిన సందు

బాలస్వామి పోయిన రోజు పొద్దున కూడా ఆయన గొంతు గుడివాడ వీధుల్లో ఎప్పట్లాగే తిరుగుతోంది.

“గుడివాడ పట్టణ ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి! ఇల్లు దాటి బయటికి రాకండి. కూరగాయలకి ఇంటికి ఒక్కరే రండి. మూతికి గుడ్డ కట్టుకోండి. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంచండి. ఈ దూరం నాలుగు రోజులే. ప్రాణాలుంటే మళ్ళీ కలుసుకుందాం!”

ఆ వెంటనే కోడి కూత. కొక్కొరొక్కో.

ఆ కూత ఎవరూ పెట్టమన్నది కాదు. మార్చిలో మనవరాలి పుట్టినరోజని బాలస్వామి నాగాయలంక అవతలున్న కూతురింటికి వెళ్ళాడు. రెండ్రోజులుండి వచ్చేద్దామనుకున్నాడు. ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు. ఆ వెంటనే దేశానికే తాళం వేశారు. మున్సిపాలిటీ వాళ్ళు ప్రచారానికి సైఫుల్లా ఆటో మాట్లాడుకున్నారు గానీ సైఫుల్లా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంటుంది. అందుకని బాలస్వామి అక్కడే, కూతురింట్లో దుప్పటి ముసుగేసుకుని, ఫోన్లో రికార్డు చేసి పంపాడు. సరిగ్గా చివర్లో పెరట్లో కోడి కూసింది. తీసేద్దామంటే సైఫుల్లాకి తియ్యడం చేతకాలేదు. ఇప్పుడు ఆటో ఏ వీధిలోకి వెళ్ళినా డాబాల మీదనుంచి పిల్లలు “కొక్కొరొక్కో” అని జవాబిస్తున్నారు. సినిమా హాళ్ళు మూసేసిన ఊళ్ళో మిగిలిన వినోదం అదొక్కటే.

నలభై ఏళ్ళుగా గుడివాడలో ఏ సినిమా వచ్చినా, ఏ కొట్లో ఆషాఢం తగ్గింపు పెట్టినా, ఎవరు కన్నుమూసినా ముందు చెప్పింది ఆ గొంతే. సైఫుల్లాకి ఆటో తోలడం వాళ్ళ నాన్న నేర్పాడు. ప్రచారం బండి తోలడం నేర్పింది మాత్రం బాలస్వామే. “సినిమాకి గొంతు పరిగెత్తాల్రా. చావు కబురుకి గొంతు చెప్పులు విడిచి నడవాలి” అనేవాడు. ఇంకో నియమం కూడా పెట్టాడు. చావు ప్రచారం చేస్తూ ఊరంతా తిరిగినా, పోయినవాళ్ళ వీధి మొదట్లోకి రాగానే మైకు కట్టెయ్యాలి. ఆ వీధి దాటేదాకా బండి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు. “ఆ ఇంటికి ఆ కబురు మనం చెప్పేదేంట్రా? ఆ పేరు మైకులో విని ఏ ఆడమనిషి గుండె పగలాలి?” అనేవాడు. అలా ఆ ఇద్దరూ ఎన్ని వీధుల్లో మైకు కట్టేశారో లెక్కలేదు.

ఫోన్ మోగినప్పుడు సైఫుల్లా స్కూలు గ్రౌండు దగ్గరున్నాడు. అక్కడ సున్నంతో గీసిన గళ్ళలో సంచులు పట్టుకుని జనం నిలబడ్డారు. ఫోన్ చేసింది బాలస్వామి కూతురు ఎస్తేరు.

“సైఫన్నా... నాన్న పోయాడన్నా.”

నెత్తిమీద హారన్లలో బాలస్వామి మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంచమంటున్నాడు.

“తెల్లారుజామున గుండెల్లో నొప్పన్నాడు. బందరు తీసుకెళ్దామని అంబులెన్సుకి చేశాం. అది వచ్చేలోపే...” ఎస్తేరు ఏడుపు దిగమింగుకుంది. “అన్నా, అక్కడ నాన్న గొంతేనా అది?”

“ఆ.”

“మధ్యాహ్నంలోపు మట్టి చేసెయ్యాలంటున్నారు. ఊళ్ళోవాళ్ళు భయపడుతున్నారు. టౌనునించి వచ్చిన మనిషి, ఏ రోగంతో పోయాడో అని. కాదని ఎంత చెప్పినా వింటంలా. ఐస్ పెట్టె అడిగితే బండి రాదన్నారు. అమ్మ ఒంటరిగా ఉంది. ఫోన్లో చెప్తే అక్కడే పడిపోద్ది. నువ్వెళ్ళి చెప్పన్నా. వీలైతే తీసుకురా. ఆఖరిచూపు అన్నా దక్కనీ.”

ఫోన్ పెట్టేశాక సైఫుల్లా చెయ్యాల్సిన పని ఒక్కటే. బాలస్వామి భార్య సత్యవతమ్మ దగ్గరికి వెళ్ళాలి. కానీ ఆటో అటు తిరగలేదు. మార్కెట్ వీధిలోకి తిరిగింది. అక్కణ్ణించి రైలుగేటు దాకా వెళ్ళింది. అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి. పనున్నవాడిలా, డ్యూటీ తప్పనివాడిలా వీధి తర్వాత వీధి తిరుగుతూనే ఉన్నాడు. వింటే బాలస్వామి బతికే ఉన్నాడు. ఊరంతా వింటోంది. అందరికీ ఆయన బతికే ఉన్నాడు. సైఫుల్లా ఒక్కడు నోరు తెరిస్తేనే పోతాడు.

ఎండ ముదిరింది. మధ్యాహ్నంలోపు అని ఎస్తేరు చెప్పింది గుర్తొచ్చింది. ఆటో తిప్పాడు.

సత్యవతమ్మ ఉండే సందు మొదట్లో ఆ గొంతు ఇంక భరించలేకపోయాడు. చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది.

రోజూ ఈ వేళకి ఆవిడ గేటు దగ్గరే ఉంటుంది. గ్లాసుతో మజ్జిగ తెచ్చి ప్రహరీ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. అతను తాగేదాకా మొగుడి గొంతు వింటుంది. “నా దగ్గర నలభై ఏళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు ఈయన” అని ముసిముసిగా నవ్వుతుంది. కోడి కూయగానే, “అదిగో, మా ఎస్తేరు వాళ్ళ కోడి. దాని పొగరు చూడు” అంటుంది.

ఈవేళా గేటు దగ్గరే ఉంది. ప్రహరీ మీద మజ్జిగ గ్లాసూ ఉంది. ఆవిడ గ్లాసుకేసి చూడటంలేదు. ఆటో నెత్తిమీద హారన్లకేసి చూస్తోంది.

“పిన్నీ...” సైఫుల్లా ఆటో దిగకుండానే అన్నాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. నోటికి వచ్చింది లోకమంతా చెప్పే అబద్ధమే. “బాబాయికి కాస్త... సీరియస్‌గా ఉందంట. ఎస్తేరు ఫోన్ చేసింది. చూసొద్దాం రా.”

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదేననుకున్నాడు. ఆవిడ ఎందుకు, ఏమిటి, ఏ ఆస్పత్రి అని అడుగుతుందని గుండె చిక్కబట్టుకున్నాడు.

సత్యవతమ్మ ఏమీ అడగలేదు. “ఉండు, వస్తా” అని లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. చేతిసంచితో బయటికొచ్చి తాళం వేసింది. తాళం లాగి చూసుకుంది. సంచిలోంచి తెల్ల చొక్కా కనబడుతోంది. క్రిస్మస్‌కి కుట్టించిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఇస్త్రీ మడత విప్పనిది.

“చొక్కా ఎందుకు పిన్నీ?”

“రెండు జతలతో వెళ్ళాడు. అక్కడ ఏం కట్టుకుంటున్నాడో ఏమో” అని ఎక్కి ఆంప్లిఫయరు పక్కన సర్దుకు కూర్చుంది. “మజ్జిగ తాగు. దారిలో కొట్లుండవు.”

సైఫుల్లా గ్లాసు ఎత్తాడు. ఒక్క గుక్కలో తాగి గ్లాసు మళ్ళీ ప్రహరీ మీద పెట్టాడు.

గోడవతల పడక్కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ కండక్టర్ వెంకట్రామయ్య మెడ సాచాడు. “ఏంటి సత్యవతమ్మా, ఎక్కడికి? బయట తిరగొద్దని మీ ఆయన రోజూ చెవినిల్లు కట్టుకుని చెప్తుంటే!”

“ఆయన దగ్గరికేనండీ” అంది సత్యవతమ్మ.

ఊరి చివర పామర్రు రోడ్డులో మొదటి చెక్‌పోస్టు. ఎండలో డ్రమ్ములు అడ్డం పెట్టి, పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. మున్సిపాలిటీ కాయితం ఊరు దాటితే చెల్లదు. సైఫుల్లాకి ఆ సంగతి తెలుసు. ఏం చెప్పాలో తోచక మైకు వేశాడు.

“ఇల్లు దాటి బయటికి రాకండి!” అని బాలస్వామి గర్జించాడు.

కానిస్టేబుల్ దగ్గరికొచ్చాడు. “ఎక్కడికి?”

“ప్రచారం సార్. రూరల్‌కి.”

“పేరు?”

“సైఫుల్లా.”

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ నెలలో టీవీల పుణ్యమా అని ఆ పేరుకి అంత దూరం వచ్చింది. లాఠీ చివర్తో ఆటో లోపలికి చూపించి, “ఈవిడెవరు?” అన్నాడు.

“వీడి పిన్నిని బాబూ” అంది సత్యవతమ్మ. “రోజూ నా చేతి మజ్జిగే తాగుతున్నాడు. వీడికి రోగముంటే ఈపాటికి నాకు రావాల. నన్ను చూడు, గుండ్రాయిలా ఉన్నా.”

టెంటులోంచి ఎవరో నవ్వారు. కానిస్టేబుల్ డ్రమ్ము జరిపాడు. “మైకు ఆపకు. పల్లెల్లో ఎవడూ మాట వింటంలా. గట్టిగా వేసుకుంటూ పో!”

అలా బాలస్వామి గొంతే వాళ్ళకి పాసు అయింది. పామర్రులో వదిలారు. కూచిపూడిలో వదిలారు. రోడ్డు మీద బస్సు లేదు, లారీ లేదు. రైతులు దారి సగం దాకా మొక్కజొన్న ఆరబోసుకున్నారు. వాటి పక్కనుంచి ఆటో పోతుంటే ఎవరూ ఇంట్లోంచి రావద్దని గొంతు చెబుతోంది. అది వినడానికే ఇళ్ళల్లోంచి జనం వస్తున్నారు. ఒకాయన అరుగు మీదనుంచి కేకేశాడు. “ఓరే, మాది గుడివాడ కాదురా! దారి తప్పావు!”

సైఫుల్లా అద్దంలోంచి వెనక్కి చూశాడు. సత్యవతమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, తల కాస్త వంచి వింటోంది. చర్చిలో ప్రసంగం వినేటప్పుడు అలాగే కూర్చుంటుంది. కంట తడి లేదు. తెలియదు గదా, పాపం, అనుకున్నాడు. ఎక్కడ చెప్పాలి? చల్లపల్లి దాటాక చెప్దాం. మోపిదేవి దాటాక చెప్దాం. చెప్పాలనుకున్న ఊరల్లా వెనకబడిపోతోంది.

ఒకచోట ఆవిడే పిలిచింది. “సైఫూ.”

“ఆ, పిన్నీ.”

“కాస్త సౌండు పెంచు.”

పెంచాడు. ఈ దూరం నాలుగు రోజులే అంది గొంతు. ప్రాణాలుంటే మళ్ళీ కలుసుకుందాం అంది. సైఫుల్లా మాస్కు కళ్ళదాకా లాక్కున్నాడు. రోడ్డు మసకేసింది.

పులిగడ్డ దగ్గర ఏరు దాటితే దివిసీమ. వంతెన మొదట్లో డ్రమ్ములు కాదు, ఏకంగా చెట్టు మానే అడ్డం పడేశారు. దాని వెనక హెడ్ కానిస్టేబుల్ నాగేంద్రబాబు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద పేరు రాసుంది. మనిషి నాలుగు రాత్రులు నిద్రలేనట్టున్నాడు. చెయ్యెత్తి ఆపాడు. మైకు పూర్తిగా విన్నాడు. కోడి కూసేదాకా విన్నాడు.

“గుడివాడ పట్టణ ప్రజలకి దివిసీమలో ఏం విజ్ఞప్తి చేస్తావురా?”

సైఫుల్లా మున్సిపాలిటీ కాయితమే చాపాడు.

“ఇవతలనించి ఒక్క పురుగు కూడా అవతలికి పోకూడదని ఆర్డరు. బండి తిప్పు.”

“సార్, మా బాబాయికి సీరియస్‌గా ఉంది సార్. అవతల నాగాయలంక దగ్గర...”

“అందరికీ సీరియస్సే. పొద్దుట్నించి పదిమంది చెప్పారు ఆ మాట. ఒకడైతే పెళ్ళికి పోతూ చెప్పాడు. తిప్పు తిప్పు.”

“సార్, కాళ్ళు పట్టుకుంటా...”

“దూరం! దగ్గరికి రాకు!”

ఆటోలోంచి సత్యవతమ్మ దిగింది. సంచి చంకన పెట్టుకుని మాను దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతులో వణుకు లేదు.

“సీరియస్ కాదు బాబూ. నా మొగుడు చచ్చిపోయాడు. పొద్దున్నే పోయాడు. ఆ మైకులో ఇందాకట్నించి నువ్వు విన్నావే, ఆ మాట్లాడేది ఆయనే.”

నాగేంద్రబాబు ఆటో కేసి చూశాడు. హారన్లలోంచి మళ్ళీ అదే మొదలైంది. గుడివాడ పట్టణ ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి. సైఫుల్లా పరిగెత్తుకెళ్ళి ఆపేశాడు. ఏటి మీద గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

“పిన్నీ... నీకెవరు చెప్పారు?”

సత్యవతమ్మ అతని వంక తిరిగింది. “నువ్వే చెప్పావుగా. సందు మొదట్లో మైకు కట్టేశావు.”

సైఫుల్లా ఆటో చక్రం పక్కన కూలబడ్డాడు.

“నలభై ఏళ్ళు ఆయనతో సంసారం చేశాను. ఏ వీధిలో మైకు ఆగుద్దో నాకు తెలీదంట్రా?” అంది సత్యవతమ్మ. “గేటు దగ్గరే అరిచేదాన్ని. అరిస్తే నువ్వు బండి తోలగలవా? ఇద్దరం అక్కడే పడి ఏడుస్తూ ఉండేవాళ్ళం. అందుకని ఊరుకున్నా.” మాను మీద చెయ్యి ఆనించింది. అప్పుడు మొదటిసారి గొంతు చిట్లింది. “పొద్దున మన బండి మూడు వీధులవతల తిరగడం వినపడతానే ఉంది నాయనా. ఇంకా రావట్లేదేంటి, మజ్జిగ పులిసిపోద్దని చూస్తా ఉన్నా. ఆ మూడు వీధులూ తిరక్కుండా వచ్చినా బాగుండేది.”

తిట్టినా బాగుండేదనిపించింది సైఫుల్లాకి.

నాగేంద్రబాబు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు. “అవును సార్... లేదు సార్, ఒక్కావిడే... నడిచే సార్.” తిరిగొచ్చి, సైఫుల్లాకేసి కాకుండా నేలకేసి చూస్తూ చెప్పాడు. “బండి పోదు. ఇతను పోడు. అమ్మ ఒక్కత్తే నడిచి వంతెన దాటొచ్చు. అవతల ఎవరైనా బండి తీసుకుని ఉండాలి.”

సైఫుల్లా ఎస్తేరుకి ఫోన్ చేశాడు. అల్లుడు జేమ్స్ బండేసుకుని బయల్దేరాడని చెప్పింది. ఆ తర్వాత ఇంకేదో చెప్పింది. సైఫుల్లా అది సత్యవతమ్మకి చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళు ఆగట్లేదంట. పెట్టె గోతిలో దింపుతున్నారంట.

సత్యవతమ్మ మాను పక్కనున్న సందులోంచి అవతలికి దాటింది. నాలుగడుగులేసి ఆగింది.

“సైఫూ, మైకు వెయ్యి.”

“పిన్నీ?”

“వంతెన పొడుగ్గా ఉంది. ఒక్కదాన్నే నడవాల.”

సైఫుల్లా నాగేంద్రబాబు వంక చూశాడు. ఆయన ఏటికేసి తిరిగి నిలబడ్డాడు.

మైకు వేశాడు. ఎంత పెంచడానికి వీలుందో అంతా పెంచాడు. ఎండలో ఆ వంతెన మీద సంచి పట్టుకుని ముసలామె నడుస్తుంటే, ఇల్లు దాటి బయటికి రాకండి అంటూ మొగుడి గొంతు వెనకనుంచి ఆమెకు తోడు నడిచింది. చివరికొచ్చి కోడి కూసేది, మళ్ళీ మొదలయ్యేది. మనిషి చిన్నదై, చుక్కంతై, అవతల ఒక మోటార్‌సైకిలు దగ్గర కలిసిపోయేదాకా సైఫుల్లా ఆపలేదు.

సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది. అతనింకా పులిగడ్డలోనే, రోడ్డు పక్క వేపచెట్టు కింద ఉన్నాడు.

“మొహం చూడలేదన్నా. అప్పటికే పెట్టె మూసి దింపేశారు. పూడ్చకుండా పట్టుకుని ఆపగలిగాం, అంతే. అమ్మ పిడికెడు మట్టి వేసింది. చొక్కా పెట్టె మీద పరిచింది. ఏడవలేదు. ఇంటికొచ్చాక పెరట్లో కోడి కూసింది. అప్పుడు పడిపోయింది. అప్పట్నించీ ఏడుస్తానే ఉంది. దాన్ని కోసెయ్యమంటాడు ఈయన. వద్దంటుంది అమ్మ.”

దారులు తెరిచేదాకా సత్యవతమ్మ తమ దగ్గరే ఉంటుందని కూడా చెప్పింది.

మర్నాడు మున్సిపాలిటీ నుంచి ఫోన్. నిన్న మధ్యాహ్నంనుంచి ప్రచారం చెయ్యలేదేమని నాలుగు చీవాట్లు. ఇంకో గొంతుతో రికార్డు చేయిస్తానంటే, ఇదే బాగుంది, జనం వింటున్నారు, మార్చకు అన్నారు. చావు ప్రచారానికి పర్మిషన్ అడిగాడు. జనం గుమిగూడతారు, కుదరదన్నారు. ఎవరు పోయారని మాత్రం అడగలేదు.

సైఫుల్లా పెన్‌డ్రైవు గుచ్చాడు. స్కూలు గ్రౌండు, మార్కెట్ వీధి, రైలుగేటు. ఊరంతా బాలస్వామి జాగ్రత్తలు చెబుతూ తిరిగాడు. నలభై ఏళ్ళు ఊరి చావులన్నీ ఊరికి చెప్పిన మనిషి చావు చెప్పడానికి ఊళ్ళో గొంతు లేదు.

సత్యవతమ్మ సందు మొదట్లోకి వచ్చాడు. ఈసారి చెయ్యి దానంతటదే పోలేదు. తెలిసే కట్టేశాడు.

ఆటోని మనిషి నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు. తాళం వేసిన గేటు. ప్రహరీ మీద నిన్నటి మజ్జిగ గ్లాసు బోర్లా పడి ఉంది. ఎదురింటి పై అంతస్తులోంచి ఒక పిల్లాడు కోడి కూత కోసం సిద్ధంగా నోటికి చేతులడ్డం పెట్టుకుని, కూత రాకపోయేసరికి, “అంకుల్, బ్యాటరీ అయిపోయిందా?” అని అరిచాడు.

పడక్కుర్చీలో వెంకట్రామయ్య పేపరు దించాడు. ఆటో నెత్తిమీద మూగబోయిన హారన్లని చూశాడు. తాళం వేసిన గేటుకేసి చూశాడు. కండక్టరుగా పనిచేసిన రోజుల్లో, ఏ వీధిలో మైకు ఆగిందో విని తన బస్సులో ఎవరి సీటు ఖాళీ అయిందో తెలుసుకున్న మనిషి. నిన్న కూడా మైకు ఇక్కడే ఆగిందని ఇప్పుడు గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఎప్పుడు?”

“నిన్నండీ.”

వెంకట్రామయ్య పక్కింటి గోడ మీద వేళ్ళతో కొట్టాడు. ఆ ఇంట్లోంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ ఎదురింటికేసి చెయ్యి ఊపింది. ఒక్కొక్క గుమ్మంలోంచీ ఒక్కొక్కరూ వచ్చి, ఎవరి గడప దగ్గర వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ మెట్టు దిగలేదు. ఆయన చెప్పినంత దూరంలోనే ఉన్నారు.

సందు దాటాక పెద్ద రోడ్డు మీద సైఫుల్లా మళ్ళీ స్విచ్చి వేశాడు.

“...ఈ దూరం నాలుగు రోజులే. ప్రాణాలుంటే మళ్ళీ కలుసుకుందాం!”

కోడి కూసింది. ఎదురుగా ఉన్న డాబాల మీదనుంచి, ఏమీ తెలియని పిల్లలందరూ ఒక్కసారిగా కూశారు.